సవరణ: చివరి అక్షరాన్ని ఎప్పుడు రెండుసార్లు రాయాలి?

ఇంగ్లీష్ క్రియల సింపుల్ పాస్ట్ (జరిగిపోయిన పనిని చెప్పే రూపం) స్పెల్లింగ్ గురించిన గత పోస్టులో ఒక సూత్రం ఉంది: క్రియ చివర ఒక హల్లు, దాని ముందు ఒకే అచ్చు ఉంటే, ఆ హల్లును రెండుసార్లు రాసి ఈడీ చేర్చాలి. ఇది ఒకే సిలబుల్ (ఒక్క ఊపులో పలికే భాగం) ఉన్న క్రియలకే నేరుగా వర్తిస్తుంది. స్టాప్డ్‌లో రెండు పీలు, ప్లాన్డ్‌లో రెండు ఎన్‌లు అలా వచ్చినవే.

అంతకంటే పెద్ద క్రియల్లో ఏ సిలబుల్‌ని నొక్కి పలుకుతారో చూడాలి. రిఫర్, ఆఫర్ రెండూ రాతలో ఒకేలా ముగుస్తాయి. కానీ రిఫర్‌లో నొక్కు చివర పడుతుంది, అందుకే రిఫర్డ్‌లో రెండు ఆర్‌లు. ఆఫర్‌లో మొదట పడుతుంది, కాబట్టి ఆఫర్డ్‌లో ఒక్కటే. విజిటెడ్, ఓపెన్డ్ కూడా ఇంతే. అడ్మిట్ మాత్రం రిఫర్ దారిలో నడుస్తుంది.

తెలుగులో నొక్కును బట్టి స్పెల్లింగ్ మారదు కాబట్టి, మనకు ఈ తేడా చెవికి వెంటనే అందదు. టెన్షన్ పడకండి, డిక్షనరీ తెరవండి. ఉచ్చారణ చూపే చోట, నొక్కి పలికే సిలబుల్‌కి ముందు పైన చిన్న నిలువు గీత ఉంటుంది. పిల్లలకు నేర్పేవాళ్లు ఆ గీతను తప్పకుండా చూపించాలి. సూత్రం బట్టీ పట్టించడం కన్నా అది చాలా మేలు.

ట్రావెల్ విషయం వేరు: నొక్కు మొదట్లోనే ఉన్నా బ్రిటిష్ రాతలో రెండు ఎల్‌లు, అమెరికన్ రాతలో ఒకటి. రెండూ సరైనవే.

డబ్ల్యూ, ఎక్స్, వై చివర ఉంటే రెట్టింపు చేయకూడదు: షోడ్, ఫిక్స్‌డ్, ప్లేడ్.