ఎర్ర తింబుల్ గారికి విన్నపం

వైరు చివర నొక్కి బిగించే చిన్న లోహపు ముక్క అయిన మహారాజశ్రీ ఎర్ర తింబుల్ గారి దివ్య సముఖమునకు,

నమస్కారములు. ఇక్కడ మేము క్షేమం అని రాయడానికి చెయ్యి రావడం లేదు. మొన్న ఆదివారం గుంటూరులో మా మేనత్త మనవరాలి పెళ్లికి బయల్దేరి, కాజ టోల్‌గేటు దాటీ దాటగానే ఎండలో రెండున్నర గంటలు రోడ్డు పక్కన నిలబడ్డాం. బానెట్ ఎత్తితే రేడియేటర్ కుతకుతలాడుతోంది, ఫ్యాను తిరగడం లేదు. దాని ఎర్తు వైరు చివర తమరు. ఎర్ర తొడుగు మాడిన అప్పడంలా ఉంది. రెండు వేళ్లతో లాగితే వైరు ఊడి చేతికొచ్చింది. టోల్ డబ్బులు మాత్రం క్షణంలో కట్ అయ్యాయి. అక్కడ ఏ లూజు కనెక్షనూ లేదు.

తప్పంతా తమరిదే అనను. పదిహేను రోజుల క్రితం తమర్ని అక్కడ కూర్చోబెట్టినప్పుడు నేను టీ తాగుతూ పక్కనే ఉన్నాను. అది రెండున్నర ఎంఎం వైరు. దానికి నీలం తింబుల్ పడాలి. తమరు ఒకటిన్నర దాకే. "నీలం అయిపోయినాయి సార్, రంగుదేముంది" అన్నాడు మెకానిక్కు. తొక్క పంటితో ఒలిచాడు. పోగులు తమరిలో పట్టలేదు. అప్పుడు చేశాడండీ ఆ పని! కటింగ్ ప్లయరుతో పది పదిహేను రాగి పోగులు టక్కున కత్తిరించి పారేసి, మిగిలినవి మెలిపెట్టి దూర్చాడు. గాజు ఎక్కలేదని చెయ్యి చెక్కిన గాజులవాణ్ణి ఎక్కడైనా చూశారా? ఆ ప్లయరుతోనే తమర్ని చదునుగా నొక్కాడు. ఒకసారి లాగి చూడమన్నాను. "ఏనుగు లాగినా రాదు సార్" అన్నాడు.

కత్తిరించిన పోగుల్లో ఒకటి నా చెప్పుకు గుచ్చుకుని ఇంటిదాకా వచ్చింది.

సరిగ్గా నొక్కితే పోగుల మధ్య గాలి దూరే సందు ఉండదట. సందుంటే చెమ్మ, చెమ్మకు చిలుము, చిలుముకు వేడి. ఆ ఫ్యాను లాగేది పది ఆంపియర్లు. తమరి దగ్గర 0.1 ఓమ్ నిరోధం చాలు, ఉన్న 12 వోల్టుల్లో ఒకటి అక్కడే పోతుంది, 10 వాట్లు తమరి నెత్తిమీదే కాలతాయి. పదో తరగతిలో బట్టీపట్టిన ఓమ్ నియమం నాకు కాజ దగ్గర అర్థమైంది.

మా బావమరిది టంకం పెట్టమంటాడు. టంకం పోగుల్లోకి పాకి, గట్టిపడ్డ అంచు దగ్గరే బండి అదురుకు తెగుతుందని వాడికెవరు చెప్పాలి? ఇన్సులేషన్ టేపు గురించి మాట్లాడనే మాట్లాడను, ఎండకు జిగురు కారి బెల్లప్పాకమైంది.

చివరికి తింబుళ్లు నొక్కడానికే ఉన్న రాట్చెట్ క్రింపింగ్ ప్లయరు కొన్నాను. పూర్తిగా నొక్కందే నోరు తెరవదు. నిన్న తమరి తమ్ముడొకణ్ణి ఇండికేటర్ వైరుకు బిగించాను. ఒకటిన్నర ఎంఎం వైరే, ఒక్క పోగూ కొయ్యలేదు. లాగాను. రాలేదు. బల్లకు కాలు తన్నిపెట్టి లాగాను. రాలేదు.

ఓరి నీ ఇల్లు బంగారంగానూ, ఈ పట్టు మొన్న ఎక్కడ పెట్టావురా?

ఇట్లు,
ఆఖరి బంతిలో చల్లారిన పులిహోర తిన్నవాడు

తా.క.: ఆ రాగి పోగు దాచిపెట్టాను. రేపు షాపు తెరిచే వేళకు పట్టుకెళ్తున్నాను.