వరి పండించే ఆటల్లో నీళ్లెక్కడ?

సేద్యం మీద వచ్చిన వీడియో గేమ్‌లను నేను ముందు నీళ్ల దగ్గరే పరీక్షిస్తాను. గోదావరి డెల్టాలో పుట్టినవాళ్లకు వేరే కొలత తోచదు. ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలితేనే ఇక్కడ నారుమడి మాట. దాళ్వాలో, అంటే రెండో పంటకు, నీళ్లకు వంతులు పెడితే కాలువ చివరి శివారు భూములకు అందుతాయో లేదోనని ఒకటే టెన్షన్.

ఫార్మ్‌విల్ ఈ పరీక్షలో మొదటే తప్పింది. 2009లో ఫేస్‌బుక్‌ను ఊపేసి, 2020 డిసెంబర్ 31న మూతపడింది. టైముకు వచ్చి కోయకపోతే పంట ఎండిపోయేది. అది సేద్యం కాదు, మనిషిని మళ్లీ మళ్లీ రప్పించే ఎత్తు.

2016 నాటి స్టార్‌డ్యూ వ్యాలీ మనసుకు హాయిగా ఉంటుంది. బొమ్మలు, సంగీతం, ప్రోగ్రామింగ్ అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే చేశాడంటే దండం పెట్టాల్సిందే. వరి మాత్రం మరీ తేలిక. చెరువు పక్కన నాటితే నీళ్లు పోసే పనే ఉండదు, 8 రోజుల పంట 6 రోజులకే చేతికొస్తుంది. అందులోని ఊరి మనుషుల కోసం ఆడండి, చేను కోసం వద్దు.

ఫార్మింగ్ సిమ్యులేటర్ 25లో వరి, గేదెలు చేరాయి. సంతోషమే గానీ ప్రేమంతా యంత్రాల మీదే.

నా ఓటు సకునాకే. 2020లో జపాన్‌లోని ఎడెల్‌వైస్ అనే చిన్న బృందం చేసిన ఆట, పూర్తి పేరు ‘సకునా: ఆఫ్ రైస్ అండ్ రూయిన్’. ఊడ్పుల్లో మొక్కకూ మొక్కకూ ఎంత ఎడం వదలాలో మనమే చూసుకోవాలి. నాటాక మడిలో ఎన్ని నీళ్లు ఉంచాలి, పిలకలు వేసేటప్పుడు ఎన్ని, కోతకు ముందు ఎప్పుడు తీసేయాలి అన్నదీ మన లెక్కే. కలుపు తీయాలి, ఎరువు కలపాలి. కోశాక ఆరబెట్టి, నూర్చి, దంచాలి. ఎంతసేపు దంచామన్నదాన్ని బట్టి ముడిబియ్యమో తెల్లబియ్యమో వస్తుంది. గింజ నాణ్యతే సకునా అనే ఆ దేవతకు రాక్షసులతో పోరాడే బలం. ఆ పోరాటాలు కొంతసేపటికి విసుగనిపిస్తాయి, నాకు మడి దగ్గరికి ఎప్పుడు తిరిగొస్తానా అనే ఉంటుంది.

సకునాలోనూ ఒక లోటు ఉంది. ఆమెది ఒక్కటే మడి. ఎగువన మరొకరి చేను లేదు, చేలకు నీళ్లు మళ్లించే బోదె దగ్గర తగాదా లేదు. పండినదంతా బలమే, ధర పడిపోవడమన్నది లేదు. 2011లో గిట్టుబాటు కాదని కోనసీమ రైతులు సార్వా (తొలి పంట) వేయకుండా క్రాప్ హాలిడే ప్రకటించారు. ఆ నిర్ణయం వెనకున్న లెక్కలన్నీ ఆటగాడి చేత వేయించే గేమ్ కావాలి. దాన్ని చేయాల్సింది మన తెలుగు డెవలపర్లే.