జాంబీలొస్తే సూపర్ మార్కెట్లో పదేళ్లా? పది రోజులు గడిస్తే గొప్ప

"జాంబీలు వస్తే టెన్షన్ పడొద్దు. పెద్ద సూపర్ మార్కెట్లోకి దూరి షట్టర్ దించుకోండి. పదేళ్లకు సరిపడా తిండి అందులోనే ఉంటుంది. రోడ్ల మీద వదిలేసిన కార్ల నిండా పెట్రోలే. కరెంటుకి పైకప్పు మీద సోలార్, జబ్బు చేస్తే మందుల షాపుకెళ్లి యాంటీబయాటిక్స్ తెచ్చుకోండి." ఫోన్ల నుంచి ఫోన్లకి తెగ తిరుగుతున్న సలహా ఇది. కల్పితమే కదా అని నవ్వి ఊరుకోవచ్చు. కానీ ఇందులో కల్పితం జాంబీలు, అంటే మనుషుల్ని కరుస్తూ తిరిగే శవాలు మాత్రమే. పెట్రోలు, టిన్నులు, బ్యాటరీలు, మందులు నిజమైనవే, జాంబీలొచ్చినంత మాత్రాన వాటి గుణం మారదు.

ముందు పెట్రోలు సంగతి చూద్దాం. పెట్రోలు నిల్వ ఉండే సరుకు కాదు. తేలిగ్గా ఆవిరయ్యే భాగం ముందు పోతుంది, మిగిలింది గాలి తగిలి జిగురుగా మారి, ఇంజన్‌లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లకు అడ్డం పడుతుంది. ఇథనాల్ కలిపిందైతే తేమను కూడా పీల్చుకుంటుంది. తేమ మరీ ఎక్కువైతే నీళ్లూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుక్కి చేరతాయి, ఇంజన్‌కి ముందు అందేది అదే. మూడు నుంచి ఆరు నెలలు దాటితే ఇక నమ్మకం లేదు. డీజిల్ కాస్త నయం, కానీ నీరు చేరితే అందులో సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్ పూడిపోతుంది. పోనీ మొదటి నెలల్లోనే తోడుకుందామా? కొత్త కార్లు చాలావాటిలో పైపు లోపలికి దిగకుండా గొట్టంలోనే అడ్డు ఉంటుంది. పైపు దిగినా, నోటితో పీల్చేటప్పుడు కొద్దిగా ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే న్యుమోనియా రావచ్చు, చూసే డాక్టరు ఉండడు. బంకులో భూమి కింద ట్యాంకు నిండా ఉన్నా, పంపు తిరగాలంటే కరెంటు కావాలి. అసలు రోడ్డు నిండా వదిలేసిన కార్లే ఉంటే మన కారు ఎక్కడ నడుస్తుంది? సైకిలు మేలు, చప్పుడు కూడా ఉండదు.

చప్పుడంటే గుర్తొచ్చింది: కథల్లో జాంబీలు శబ్దానికే వస్తాయి. ఇనప షట్టర్ దించితే వీధి వీధంతా వినపడుతుంది.

ఇక "పదేళ్ల తిండి". ఈ తరహా షాపులు వెనక గోడౌన్ నింపుకుని కూర్చోవు, లారీలు ఎప్పటికప్పుడు తెచ్చి పోస్తుంటాయి. లారీ ఆగితే అరల మీద ఉన్నదే ఆఖరు, దాని మీద కన్నేసింది మనమొక్కరమే కాదు. కరెంటు పోయాక తలుపు తీయని ఫ్రిజ్ నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజులు కాపాడతాయి. ఆ తర్వాత మాంసం, పాలు అన్నీ ఆ మూసిన హాల్లోనే కుళ్లుతాయి. టిన్నుల విషయంలో మాత్రం సలహా పూర్తిగా తప్పు కాదు. మీద వేసిన తేదీ చాలావరకు రుచికి సంబంధించినదే, కాబట్టి తేదీ దాటిందని పారేయక్కర్లేదు. మూత ఉబ్బినా, అంచు దగ్గర కారినా, తెరవగానే లోపలిది చిమ్మినా మాత్రం ముట్టుకోకూడదు, సూక్ష్మజీవుల వల్ల పుట్టే, ప్రాణం తీయగల బొటులిజం విషం కావచ్చు. మోసుకెళ్లాల్సి వస్తే కూరగాయల టిన్ను శుద్ధ దండగ, బరువులో ఎక్కువ భాగం నీళ్లే. లీటరు వంటనూనెలో సుమారు 8 వేల కేలరీలుంటాయి. నూనె తాగి బతకమని కాదు, సంచిలో చోటు దేనికివ్వాలో చెప్పడానికి.

అసలు ఈ సలహాలో నీళ్ల మాటే లేదు! అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2011లో జాంబీల పేరు పెట్టే విపత్తు జాగ్రత్తలు చెప్పినప్పుడు మనిషికి రోజుకి ఒక గాలన్, అంటే దాదాపు 4 లీటర్లు ఉంచుకోమంది. నలుగురికి నెలకి 480 లీటర్లు, బరువు అర టన్నుకి కాస్త తక్కువ. షాపులో సీసాలు దొరుకుతాయనే అనుకుందాం, అవి ఎన్ని వారాలు వస్తాయి? కాబట్టి మకాం వెతకాల్సింది షాపు దగ్గర కాదు, బావి దగ్గరో ఏరు దగ్గరో. ఆ నీళ్లు కూడా తెర్లేలా కనీసం ఒక నిమిషం మరిగించాలి, కొండ ప్రాంతమైతే మూడు నిమిషాలు. అంటే వంటచెరకు కావాలి, పొగ లేస్తుంది. ఈ లెక్కలు వేయకుండా "షట్టర్ దించుకోండి" అనడం చాలా సులువు.

సోలార్ గురించి ఒక్క మాట. గ్రిడ్‌కి, అంటే బయటి కరెంటు లైన్లకి కలిపిన మామూలు సోలార్ ఇన్వర్టర్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది. లైన్ల మీద పనిచేసేవాళ్లకు షాక్ కొట్టకుండా అలా తయారు చేస్తారు. బ్యాటరీతో విడిగా నడిచే ఏర్పాటు ఉన్న ఇల్లు దొరకాలి, లేకపోతే పైకప్పు మీద ఎన్ని పలకలున్నా పట్టపగలు కూడా దీపం వెలగదు.

మందుల షాపుకి వెళ్లమనడం మంచిదే, తీసుకోమన్నది యాంటీబయాటిక్స్ కావడమే తిక్క. కాటు వల్ల సోకేది వైరస్ అయితే వాటితో పని లేదు. ఇన్సులిన్ ఫ్రిజ్ బయట కొన్ని వారాలే పనిచేస్తుంది, దాని మీద బతికేవాళ్లు గుంపులో ఉంటే మొదటి పరుగు దానికోసమే. మిగతావాళ్లని ముందుగా పడగొట్టేది మురికి నీళ్ల విరేచనాలు. దానికి లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు కలిపి తాగాలి, చెంచాలు తలకొట్టి కొలవాలి. చక్కెర, ఉప్పు తడి తగలకపోతే ఏళ్ల తరబడి ఉంటాయి. అందరూ టిన్నుల అరల దగ్గర కొట్టుకుంటుంటే ఆ రెండు ప్యాకెట్లూ అలాగే ఉండిపోతాయి, సంచిలో ముందు వేసుకోవాల్సినవి అవే.