బావగారు, స్ప్రింగు, ఇడ్లీ పిండి

విజయవాడలో ఉన్నన్నాళ్లూ సైకిలు గొలుసు ఊడినా పక్కవీధి షాపుకు నడిపించుకుపోయిన మనిషి, డాలస్ శివార్లలో ఇల్లు కొన్న మరునాడే మెకానిక్కు అయిపోతాడు. దీనికి కారణం ప్రతిభ కాదు, అక్కడి కూలి రేటు. మా బావగారి పాత కారు స్పీడ్ బ్రేకరు దాటినప్పుడల్లా ముందు చక్రాల దగ్గర టకటకమంటోందని షెడ్డుకు తీసుకెళితే, రెండువైపులా స్ట్రట్లు, అంటే కుదుపును అణిచే గొట్టాలు, పోయాయి, నూనె కారుతోంది, పనికి గంటకు నూటయాభై డాలర్లు అన్నారు. బావగారు ఆ నూటయాభైని అక్కడికక్కడే రూపాయల్లోకి మార్చారు. ఆ తరువాత జరిగినదంతా ఆ గుణకారం వల్లే.

"నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది ఎందుకు?" అన్నారు ఇంటికి రాగానే.

ఆ ప్రశ్నకు సమాధానం మా అక్క పెళ్లయిన నాటినుంచీ వెతుకుతోంది. ఆయన చదివింది మెకానికల్, చేసేది బ్యాంకులకు సాఫ్ట్‌వేరు.

కార్ల ముందు చక్రాల దగ్గర సాధారణంగా ఉండేది మెక్‌ఫర్సన్ స్ట్రట్. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ 1940లలో రూపొందించిన ఏర్పాటు ఇది. కుదుపును అణిచే గొట్టం మధ్యలో ఉంటుంది, దాని చుట్టూ లావాటి స్ప్రింగు ఉంటుంది, రెండింటినీ కలిపి పైన ఒక్క నట్టు పట్టి ఉంచుతుంది. గొట్టం మార్చాలంటే ఆ నట్టు విప్పాలి. నట్టు విప్పాలంటే ముందు స్ప్రింగును నొక్కి పట్టాలి. నొక్కకుండా విప్పిన వాళ్ల అనుభవాలు పెద్దగా ప్రచారంలో లేవు, చెప్పే స్థితిలో ఉండాలి కదా. ఆ నొక్కే పనిముట్టే స్ప్రింగ్ కంప్రెసరు.

దాన్ని ఎంచుకోవడానికి బావగారు కంప్యూటర్‌లో పెద్ద పట్టిక తయారుచేశారు. కొక్కేలున్న రెండు మరల కడ్డీలు జతగా వచ్చేది ఒక రకం. స్ప్రింగును రెండు దవడలతో చుట్టూ పట్టుకునేది ఇంకో రకం. స్ప్రింగు లోపలినుంచి ఒకే కడ్డీతో లాగేది మరొకటి ఉంది కానీ, మధ్యలో గొట్టం ఉన్న స్ట్రట్‌కు అది పనికిరాదు. గోడకు బిగించుకునే పెద్ద యంత్రం గురించి ఆయన కళ్లు మెరుస్తూ చెప్పారు. "ఏ గోడకు?" అని అక్క అడిగాక ఆ వరుసను పట్టికలోంచి తీసేశారు.

భోజనాల దగ్గర సిద్ధాంతం మొదలైంది. స్ప్రింగును ఎంత నొక్కితే అంత బలంగా ఎదురు తిరుగుతుందన్న సూత్రాన్ని ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1676లో అక్షరాలు తారుమారు చేసి, ఎవరికీ అర్థం కాకుండా అచ్చువేశాడు. రెండేళ్ల తరువాత, 1678లో గాని విప్పి చెప్పలేదు. బావగారికి అంత ఓర్పు లేదు. సాంబారు వడ్డించేలోపే చెప్పేశారు. "చూడవోయ్, ఒక మిల్లీమీటరు నొక్కడానికి 25 న్యూటన్లు అనుకో. 150 మిల్లీమీటర్లు నొక్కితే 3750 న్యూటన్లు. అంటే దాదాపు 380 కిలోలు!"

పెళ్లి ఫొటోలో ముందు వరుస మొత్తం లేచివచ్చి ఆ స్ప్రింగు మీద కూర్చున్నంత బరువన్నమాట. ఆ మాట విన్నాక నాకు పెరుగన్నం సహించలేదు. బావగారు మాత్రం మారు వడ్డించుకున్నారు.

ఇంత పట్టికా వేసి చివరికి ఆయన ఏదీ కొనలేదు. అక్కడ విడిభాగాల షాపుల్లో కొన్ని పనిముట్లను డిపాజిట్టు కట్టించుకుని వాడుకోవడానికి ఇస్తారు, తిరిగి ఇచ్చేస్తే డబ్బు మొత్తం వాపసు. "ఊరికే ఇస్తున్నారు!" అని బావగారు ఇల్లంతా వినిపించేలా ప్రకటించారు. డబ్బా తెరిస్తే కొక్కేల రకం. చాలామంది చేతులు మారి వచ్చింది కాబట్టి మరల్లో ఇసుక ఉంది, కొక్కేనికి అడ్డంగా పెట్టాల్సిన పిన్నుల్లో ఒకటి లేదు. పట్టికలో ఈ రకం అట్టడుగున ఉన్న సంగతి నేను గుర్తుచేశాను. ధర అనే గడిని పట్టికలో తరువాత కలిపారట, దాంతో అదే పైకి వచ్చింది.

అక్కావాళ్ల కాలనీ సంఘం నిబంధనల ప్రకారం ఇంటి ముందు బండి విప్పి పెట్టకూడదు. అందుకని ఆగస్టు ఎండలో గ్యారేజీ తలుపు మూసుకుని పని మొదలుపెట్టాం. చక్రం తీయడం, కింది రెండు బోల్టులు, పైన స్ట్రట్‌ను బండికి పట్టి ఉంచే మూడు నట్లు విప్పడం, స్ట్రట్‌ను బయటకు లాగడం వరకూ అంతా సవ్యంగా జరిగింది. బావగారు దాన్ని బల్లమీద పెట్టి, జాగ్రత్తలు చదవమన్నారు. నేను చదివాను. రెండు కడ్డీలనూ స్ప్రింగుకు ఎదురెదురుగా తగిలించాలి. మరలకు గ్రీజు పూయాలి. ఇటు కొంచెం, అటు కొంచెం మార్చి మార్చి బిగించాలి. చేతి స్పానరు మాత్రమే వాడాలి, నట్లను గబగబా తిప్పేసే యంత్రం, ఇంపాక్ట్ గన్ను, వాడకూడదు.

"అది తెలియనివాళ్ల కోసం రాసింది" అంటూ బావగారు ఇంపాక్ట్ గన్ను అందుకున్నారు.

గన్ను ర్ర్ర్‌మంది. ఒకవైపు కడ్డీ ఉత్సాహంగా బిగిసింది. రెండోవైపు ఇంకా నిద్ర లేవలేదు. స్ప్రింగు నడుము పక్కకు వంచింది. పిన్ను లేని కొక్కెం చుట్ట వాలు వెంట మెల్లగా జరిగి రెండోదానికి దగ్గరైంది. అప్పుడు మరల్లోంచి కీచుమని ఒక అరుపు వచ్చి, అంతా ఆగిపోయింది. బిగిద్దామంటే కదలదు, వదులు చేద్దామంటే తిరగదు. ఇసుకా వేడీ కలిసి మరలను కరిపించేశాయి.

పైనున్న నడిమి నట్టును ఇంకా ముట్టుకోలేదు కాబట్టి స్ప్రింగు ఎగిరిపోయే ప్రమాదం లేదు. కొక్కెం జారితే మాత్రం అది ఎటు ఎగురుతుందన్నది ఏ సూత్రంలోనూ లేదు. మేమిద్దరం వెనక్కి నడుస్తూ వంటింట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాం.

"అయిపోయిందా?" అంది అక్క.

"సగం నొక్కాం" అన్నారు బావగారు. అబద్ధం కాదు.

అసలు చిక్కు రాత్రి బయటపడింది. గ్యారేజీలో రెండో ఫ్రిజ్ ఉంది. అందులో ఇడ్లీ పిండి, గోంగూర పచ్చడి, ఊరినుంచి వచ్చిన ఆవకాయ ఉన్నాయి. ఫ్రిజ్‌కూ బల్లకూ మధ్య దూరం బారెడు.

"ఏమండీ, ఆ పిండి గిన్నె తెస్తారా?"

బావగారు నా వైపు చూశారు. నేను ఫోను వైపు చూశాను. చివరికి ఆయన ఆదివారం క్రికెట్ హెల్మెట్ పెట్టుకుని, కాళ్లకు ప్యాడ్లు కట్టుకుని, పొట్టకు సోఫా దిండు అడ్డం పెట్టుకుని గోడ వెంట పాకుతూ వెళ్లారు. తలుపు సందులోంచి నేను దారి చెప్పాను. ఆయన లీగు మ్యాచుల్లో ఎన్నడూ అంత నిబ్బరంగా ఆడలేదని చెప్పగలను. పిండి గిన్నె తెచ్చాక, "ఉప్మా చేసుకుంటే పోయేదిగా" అన్నారు, హెల్మెట్ తీయకుండానే.

మర్నాడు అక్కే ఇళ్లకు వచ్చి పనిచేసే మెకానిక్కును పిలిచింది. నెరిసిన మీసాల పెద్దాయన, మెక్సికో నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాడు. దగ్గరికి వెళ్లకుండా దూరంనుంచే ఒక చుట్టు తిరిగి చూసి, దీనికి గన్ను వాడిందెవరని అడిగాడు. బావగారు వేలితో గన్నును చూపించారు.

ఆయన తన పనిముట్టు తెచ్చాడు. దవడల రకం, బలమైనది, బావగారి పట్టికలో రెండో స్థానంలో ఉన్నదే. స్ప్రింగు కొసలకు ఎదురుగా నిలబడకుండా పక్కనుంచి దాన్ని తగిలించి, చేతి స్పానరుతో తాపీగా బిగించాడు. కాసేపటికి బరువంతా దాని మీదికి మళ్లింది, మా కొక్కేలు రెండూ బల్లమీద ఠంగుమని పడ్డాయి. ఆ చప్పుడుకు నేనూ బావగారూ ఒకేసారి ఫ్రిజ్ వెనకకు చేరాం. పెద్దాయన తలెత్తలేదు. స్ప్రింగు కొస కింది గాడిలో సరిగ్గా కూర్చుందా అని చూసుకుని, కొత్త స్ట్రట్ బిగించి, చక్రాల అలైన్‌మెంట్ చూపించుకోమని చెప్పి, రెండు గంటల పనికి డబ్బు తీసుకున్నాడు. వెళ్లబోతూ, స్ప్రింగుతో సహా ముందే బిగించిన స్ట్రట్లు దొరుకుతాయనీ, వాటికి ఈ నొక్కుడు పనే ఉండదనీ అన్నాడు.

మరలు కరుచుకుపోయిన కంప్రెసరును షాపువాళ్లు వాపసు తీసుకోలేదు. డిపాజిట్టు పోయింది. కుడివైపు స్ట్రట్ ఇంకా మిగిలే ఉంది. ఆ సాయంత్రమే అక్క ముందే బిగించిన దానికి ఫోనులో ఆర్డరు పెట్టింది.

బావగారు చాలా నొచ్చుకున్నారు. "అయితే ఈ కంప్రెసరు ఎందుకు కొన్నట్టు?"

"కొన్నారా? ఊరికే ఇచ్చారన్నారుగా!" అంది అక్క.