మహారాజశ్రీ కొలాట్జ్ సమస్య గారికి

అయ్యా,

తమరి దయ వల్ల నా ఆదివారం మధ్యాహ్నం గంగలో కలిసింది.

సరి సంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే మూడు రెట్లు చేసి ఒకటి కలపాలి, వచ్చినదానికీ మళ్లీ అదే చేస్తూ పోవాలి. ఎక్కడ మొదలుపెట్టినా చివరికి 1 వస్తుంది. 1937 నుంచి తమరు వినిపిస్తున్న కబురు ఇదే, నిరూపణ మాత్రం ఇంకా లేదు. ఎంత అమాయకత్వం! నిరూపణ లేని మరో ప్రసిద్ధ గణిత ప్రతిపాదన, రీమాన్ గారి ఊహే నయం, గుమ్మంలోనే సంకీర్ణ సంఖ్యలు చూపించి మాలాంటి వాళ్లను మర్యాదగా సాగనంపుతుంది. తమరేమో నవ్వుతూ లోపలికి పిలిచి తలుపు గడియ పెడతారు.

26కు 1 చేరడానికి పది మెట్లు చాలాయి. 28కి పద్దెనిమిది. నడుమనున్న 27 ఎంతసేపులే అని పెన్ను పట్టుకున్నాను. 82, 41, 124, 62, 31, 94... కాగితం నిండింది. 7288 వరుసగా మూడుసార్లు సగమై 911కి దిగగానే గండం గడిచిందనుకున్నాను. తమరు దాన్ని మళ్లీ 9232కి ఎక్కించారు! మొత్తం 111 మెట్లు.

ఎందుకు? 27 చేసిన పాపం ఏమిటి? ఇరుగుపొరుగులను తిన్నగా పంపి, దీన్నొక్కదాన్నే ఇంతలా తిప్పడానికి కారణం ఉండాలి కదా? 2020 నాటికే 2కు 68వ ఘాతం దాకా కంప్యూటర్లు సరిచూశాయి, అన్నీ 1కే చేరాయి అంటారు. చేరితే? పోల్యా అనే గణితవేత్త సంఖ్యల గురించి చేసిన ఊహ కూడా 90 కోట్లు దాటేదాకా నిక్షేపంగా నిలబడి, 906150257 దగ్గర బొక్కబోర్లా పడింది. సాక్షులు ఎందరున్నా గణితంలో నిరూపణ కాదు. (గోల్డ్‌బాక్ గారూ, 2 కంటే పెద్ద ప్రతి సరి సంఖ్యా రెండు ప్రధాన సంఖ్యల మొత్తమేనంటూ 1742 నుంచి తమరిదీ ఇదే వరస. తమరి సంగతి తర్వాత.) 2019లో టెరెన్స్ టావో అంతటి గణితవేత్త చాలా దూరం వెళ్లి కూడా "అన్ని సంఖ్యలూ" అనలేక "దాదాపు అన్నీ" దగ్గరే ఆగాడు. ఆ "దాదాపు" సందులో కూర్చుని వెక్కిరిస్తున్నది నువ్వే కదూ?

అవును, నువ్వే. ఇంకా గౌరవమేమిటి! రుణ సంఖ్యల్లో నీ బండారం బయటపడనే పడింది. -5 నుంచి బయలుదేరితే -14, -7, -20, -10, మళ్లీ -5. గానుగెద్దు తిరుగుడు. సున్నాకు అవతల అలా, ఇవతల ఇలా ఎందుకో చెప్పవు. మూడుకు బదులు ఐదు రెట్లు చేస్తే ఇవతల కూడా 13 తిరిగి తిరిగి 13కే వస్తుంది. మూడులో ఏముంది? చెప్పు!

చెప్పలేకపోతే 1కి ఎన్నటికీ చేరని సంఖ్యను ఒక్కటి చూపించు. అది ఎంత పొడవున్నా ఫరవాలేదు, కాగితాల కట్ట కొనిపెట్టుకున్నాను.