రాజ్‌విహార్ టీ బంకులో దారానికి వేలాడే లైటరు గారికి

మహారాజశ్రీ లైటరు గారి దివ్య సముఖానికి, కర్నూలు నుంచి మీ పాత భక్తుడు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి. కుశలమంతా మీ వైపే. నా వైపు ఇది సిగరెట్టు మానేసిన ఆరో రోజు.

"పొగ తాగితే 200 రూపాయల జరిమానా" అనే బోర్డూ మీరూ ఒకే మేకుకు వేలాడతారు. పదిహేనేళ్లలో నేనా బోర్డు చదివింది లేదు. మీరు రెండుసార్లు తుస్సుమని మూడోసారి వెలుగుతారన్నది మాత్రం నా బొటనవేలికి కంఠతా వచ్చు.

మూడో రోజు సంగతి చెప్పాల. నికోటిన్ రెండు గంటలకోసారి సగం తగ్గుతా, మూడు రోజులకు ఒళ్లు ఖాళీ చేస్తుందంట. చేసింది సామీ! బాడుగ ఎగ్గొట్టినోడు పోతా పోతా గోడల్లో మేకులు కూడా పీక్కొని పోయినట్టు. ఆ పొద్దు నేను ఫ్యానుతో కొట్లాడినాను. తిరుగుతా ఉంది, అదే దాని తప్పు. పదేళ్లుగా మానమని పోరిన మా ఆమే, "నీ కాళ్లు మొక్కుతా, ఒకటి తాగి రాపోయ్యా, పిల్లోళ్లన్నా బతుకుతారు" అనింది.

సిగరెట్టుకు బదులని రోజుకు ఆరు టీలు తాగినాను. పొగ మానితే టీలోని కెఫీన్ ఒంట్లో ఇంకా ఎక్కువసేపు నిలుస్తుందని నాకేం తెలుసు? రాత్రి రెండింటికి గోడ మీది బల్లి, నేను, ఒకరినొకరం చూసుకుంటా కూర్చున్నాం. 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్ తెచ్చుకున్నాను. కొంచెం నమిలి, ఘాటు తగలగానే దవడ పక్కన దాచాలంట. నేను బొరుగులు నమిలినట్టు నమిలితే గంటసేపు ఎక్కిళ్లు.

నిన్న ఉగ్గానితో మిరపకాయ బజ్జీ కొరికితే కళ్లల్లో నీళ్లు తిరిగినాయి. ఇన్నేళ్లూ ఆ హోటలాయన్ను "కారం లేని బజ్జీ ఏం బజ్జీనయ్యా" అని తిట్టింది నేనే.

తాగాలన్న యావ ఐదు నిమిషాలు ఓర్చుకుంటే దాటిపోతుందని అందరూ చెప్పేదే. ఈ పొద్దు సాయంత్రం అదే ధైర్యంతో టీకి వచ్చినాను. పక్కనొక కుర్రోడు నాలుగుసార్లు తిప్పినా మీరు వెలగలేదు.

"కొంచెం వంచి తిప్పు నాయనా" అనేసినాను.

వెలిగినారు. పొగ నేరుగా నా మొగానికే వచ్చింది. నేను కొండారెడ్డి బురుజు దిక్కు తిరిగి, గడియారం చూసుకుంటా నిలబడినాను.

ఇట్లు,
జేబులో సోంపు పొట్లంతో తిరిగే మీ మాజీ