జైలు చూసిన న్యాయమూర్తి

విశాఖ జిల్లా కోర్టు ఆవరణలో పొద్దున్నే కాసేపు నిలబడితే, ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లు ఎవరో ఒకరు కనిపిస్తారు. పాడేరు వైపు నుంచో చింతపల్లి వైపు నుంచో తొలి బస్సెక్కి వచ్చిన తల్లిదండ్రులు. కూలి డబ్బుల కోసం గంజాయి మూట మోస్తూ పట్టుబడిన కొడుకు అడవివరం సెంట్రల్ జైల్లో ఉంటాడు. గంజాయి కేసుల్లో బెయిల్ దొరకడమే కష్టం. నెలల తర్వాత ఎలాగో దొరికితే, ఇద్దరు జామీనుదారులను తెమ్మంటారు. పోడు పట్టా తప్ప మరో కాగితం లేని ఊళ్లో ఆ ఇద్దరు ఎక్కడ దొరుకుతారు? బెయిల్ వచ్చిన మనిషి జైల్లోనే ఉండిపోతాడు.

వాళ్లను చూసినప్పుడల్లా నాకు ఒకప్పటి సుప్రీంకోర్టు న్యాయమూర్తి జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ గుర్తొస్తారు. 1978 నాటి మోతీరామ్ కేసు ఇలాంటిదే. మధ్యప్రదేశ్‌లో ఒక పేద తాపీ మేస్త్రీని బెయిల్‌పై వదలమని సుప్రీంకోర్టే చెప్పింది. కింది మేజిస్ట్రేట్ మాత్రం 10,000 రూపాయల పూచీకత్తు అడిగారు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నారు. కృష్ణయ్యర్ ఆ షరతులు పక్కన పెట్టి, జామీనుదారులు లేకుండా 1,000 రూపాయల సొంత బాండు మీద విడిచిపెట్టమన్నారు. అంతకుముందే, మన రాష్ట్రం నుంచి వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో బెయిల్ గురించి ఆయన రాసిన మాటలను లాయర్లు నేటికీ ఉదహరిస్తారు.

ఇలాంటి తీర్పు రాయడానికి చట్టం ఒక్కటే తెలిస్తే చాలదు. ఇప్పటి కేరళలోని మలబారు ప్రాంతంలో, తలశ్శేరిలో లాయరుగా ఆయన రైతుల, కార్మికుల కేసులు వాదించారు. కమ్యూనిస్టులకు సాయం చేశారని 1948లో ఆయన్నే జైల్లో పెట్టారు. 1952లో ఇండిపెండెంట్‌గా మద్రాసు శాసనసభకు వెళ్లారు. అప్పటికి మలబారూ మన విశాఖా ఒకే రాష్ట్రం. 1957లో కేరళ తొలి ముఖ్యమంత్రి ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ మంత్రివర్గంలో చేరి న్యాయశాఖతో పాటు హోం, జైళ్లు, నీటిపారుదల కూడా చూశారు. ఒకప్పుడు ఖైదీగా ఉన్న మనిషి చేతికే జైళ్ల శాఖ వచ్చిందన్నమాట. 1968లో కేరళ హైకోర్టు జడ్జి, తర్వాత లా కమిషన్ సభ్యుడు, 1973 జులైలో సుప్రీంకోర్టు.

ఆ చివరి నియామకాన్ని లాయర్లలో కొందరు గట్టిగా వ్యతిరేకించారు. వాళ్ల భయం ఉత్తదేం కాదు. అదే ఏడాది ఏప్రిల్‌లో ముగ్గురు సీనియర్లను కాదని ఎ.ఎన్. రేని ప్రధాన న్యాయమూర్తిని చేశారు. ఆ ముగ్గురూ రాజీనామా చేశారు. అలాంటి వేళ ఒక మాజీ మంత్రి వచ్చి కూర్చుంటే అనుమానం రాకుండా ఎలా ఉంటుంది?

జవాబు 1975 జూన్‌లో దొరికింది. ఇందిరాగాంధీ ఎన్నిక చెల్లదన్న అలహాబాద్ తీర్పుపై స్టే పిటిషన్ సెలవుల జడ్జిగా ఉన్న ఆయన ముందుకే వచ్చింది. న్యాయశాఖ మంత్రి గోఖలే ఫోన్ చేసి కలుస్తానంటే, కలవనక్కర్లేదు, రిజిస్ట్రీలో దాఖలు చేయండి అన్నారు. జూన్ 24న ఇచ్చింది షరతులతో కూడిన స్టే: సభకు వెళ్లొచ్చు, ఓటు వేయకూడదు. మర్నాడు రాత్రే ఎమర్జెన్సీ వచ్చింది.

రాజకీయాల నుంచి వచ్చినవాళ్లను జడ్జిలుగా నమ్మకూడదనే వాదనతో నాకు పేచీ ఇక్కడే. అడగాల్సింది ఎక్కడినుంచి వచ్చారని కాదు, తర్వాత ఏ పదవి కోసం చూస్తున్నారని. బహరుల్ ఇస్లాం రాజ్యసభ నుంచి హైకోర్టుకూ, అక్కణ్నుంచి సుప్రీంకోర్టుకూ వెళ్లారు. 1982 డిసెంబరులో బీహార్ ముఖ్యమంత్రి జగన్నాథ్ మిశ్రాకు అనుకూలమైన తీర్పులో భాగమయ్యారు. వెంటనే 1983 జనవరిలో రాజీనామా చేసి, మళ్లీ అధికార పార్టీ తరఫున రాజ్యసభకు వెళ్లారు. రాజకీయాలతో ముందు సంబంధం లేనివాళ్లకైనా ఈ ప్రశ్న తప్పదు. జస్టిస్ అబ్దుల్ నజీర్ 2023 జనవరిలో సుప్రీంకోర్టు నుంచి రిటైరై, ఫిబ్రవరిలో మన రాష్ట్రానికి గవర్నరయ్యారు. ఆయన తీర్పుల మీద నేను వేలెత్తి చూపడం లేదు. రిటైరయ్యాక కనీసం రెండేళ్లు ఏ ప్రభుత్వ పదవీ తీసుకోకూడదన్న నియమం ఉంటే, ఎవరి మీదా ఈ అనుమానం పడదు.

పరిపాలన తెలిసిన జడ్జి వల్ల ఏం లాభమో చెప్పడానికి మధ్యప్రదేశ్‌లోని రత్లాం పట్టణం కేసులో 1980 నాటి తీర్పు చాలు. మురుగు కాలువలు కట్టడానికి డబ్బుల్లేవని మున్సిపాలిటీ అంటే, కృష్ణయ్యర్ ఒప్పుకోలేదు. డబ్బుల్లేవన్న సాకు చెల్లదన్నారు. బడ్జెట్లు ఎలా తయారవుతాయో మంత్రిగా చూసిన మనిషి ఆయన. విశాఖలో ఎర్రిగెడ్డ కాలువ పక్కన కాపురం ఉంటూ వానాకాలం వస్తే టెన్షన్ పడే కుటుంబాలకు ఆ తీర్పు ఇవాళ్టికీ ఆయుధమే. అందులో వాడిన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133 సెక్షన్ ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 152గా ఉంది.

మళ్లీ కోర్టు ఆవరణలోని ఆ తల్లిదండ్రుల దగ్గరికే వస్తాను. ఉచిత న్యాయ సహాయం ఎలా ఉండాలో 1973లో కృష్ణయ్యర్ కమిటీయే నివేదిక ఇచ్చింది. ఇవాళ మన జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆ ఆలోచన నుంచే పుట్టింది. ఆ సంస్థ లాయర్లు బెయిల్ వచ్చాక కూడా విడుదల కాని గిరిజనుల జాబితా ప్రతి నెలా జైలు నుంచి తెప్పించుకోవాలి. ఒక్కొక్కరి కోసం మోతీరామ్ తీర్పు చూపించి, సొంత బాండు మీద వదలమని అడగాలి.